గెన్షిన్ ఆడొచ్చా అన్నా?

ఈ సెమ్ మొదట్లో మెస్‌లో దోసెల లైన్లో నిలబడి ఉంటే ఒక ఫస్టియర్ తమ్ముడు అడిగాడు. "అన్నా, గెన్షిన్ ఇంపాక్ట్ ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటున్నా. ఆడొచ్చా?"

నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట "వద్దు". వాడు సరేనని తలూపి ప్లేట్ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నేను మాత్రం రూముకి పోయి అదే గేమ్‌లో లాగిన్ అయ్యాను. తను ఆడుతూ ఇంకొకడిని వద్దనడం ఏం న్యాయం? అందుకే ఈసారి సంచికకి కథ ఇవ్వకుండా ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన అసలు జవాబు రాస్తున్నాను. ఆడని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాస్తాను, స్కిప్ చెయ్యకండి.

అసలేంటి ఈ గేమ్?

షాంఘైకి చెందిన మిహోయో అనే కంపెనీ 2020 సెప్టెంబర్ 28న విడుదల చేసిన ఆన్‌లైన్ ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేమ్ ఇది. ఫోన్లో, కంప్యూటర్లో, ప్లేస్టేషన్‌లో నడుస్తుంది. డౌన్‌లోడ్ ఫ్రీ. టేవాట్ అనే ఊహాలోకంలో ఏడు దేశాలు, ఏడుగురు దేవతలు. మన హీరో (లేదా హీరోయిన్) తప్పిపోయిన తోబుట్టువుని వెతుక్కుంటూ ఒక్కో దేశం తిరుగుతాడు. కథ మొత్తం ఇదే.

ఆన్‌లైన్ అనగానే బీజీఎంఐలా మైకులో అరుచుకుంటూ ఒకరినొకరు కాల్చుకునే ఆట అనుకోకండి. ఇక్కడ ప్లేయర్లు ఒకరితో ఒకరు కొట్టుకోవడం లేదు. ర్యాంక్ 16 దాటాక నలుగురి వరకు కలిసి ఆడొచ్చు గానీ, తొంభై శాతం మనం ఒక్కళ్ళమే తిరుగుతాం. ఎక్కడ కొండ కనిపిస్తే అక్కడ ఎక్కొచ్చు. పైనుంచి గ్లైడర్ వేసుకుని దూకితే కింద లోయ, చెరువు, దూరంగా ఊరి దీపాలు. మిడ్స్ అయిపోయిన రోజు సాయంత్రం పదిహేను నిమిషాలు అలా ఊరికే తిరిగితే బుర్రకి ఎంత హాయిగా ఉంటుందో, అది ఆడినవాళ్ళకే తెలుస్తుంది.

ఫైటింగ్ కూడా గుడ్డిగా బటన్లు నొక్కడం కాదు. నిప్పు, నీరు, గాలి, మెరుపు, మంచు, రాయి, మొక్క అని ఏడు శక్తులు. ఒకదాని మీద ఇంకొకటి పడితే రియాక్షన్. నీళ్ళలో తడిసిన శత్రువు మీద మంచు పడితే గడ్డకట్టేస్తాడు, మెరుపు పడితే షాక్ కొడుతుంది. తడి చేత్తో స్విచ్ ముట్టుకోవద్దని అమ్మ చెప్పిన ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. వరస కూడా ముఖ్యమే. మంట అంటుకున్నవాడి మీద నీళ్ళు వేస్తే ఆ దెబ్బ 2 రెట్లవుతుంది. తడిసినవాడి మీద మంట వేస్తే 1.5 రెట్లే. అదే రెండు శక్తులు, అదే రియాక్షన్, వరస మారితే లెక్క మారుతుంది. మనలాంటి వాళ్ళకి ఇది భలే నచ్చుతుంది.

తెలుగోడికి మాత్రమే దొరికే ఆనందం

ఈ గేమ్‌లో తెలుగు లేదు. మాటలు చైనీస్, జపనీస్, కొరియన్, ఇంగ్లీష్ నాలుగింటిలోనే వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్‌కి ఇంకా చాలా భాషలున్నాయి గానీ మన దేశపు భాష ఒక్కటీ లేదు. అయినా మన క్లబ్ పత్రికలో దీని గురించి రాయడానికి ఒక కారణం ఉంది.

కేరక్టర్ల లెవెల్ పెంచడానికి వాడే రత్నాల పేర్లు చూడండి. నిప్పుకి అగ్నిదస్ అగేట్. నీటికి వరుణద లాజురైట్. గాలికి వాయుద టర్కాయిస్. మెరుపుకి వజ్రద అమెథిస్ట్. రాయికి పృథివ టోపాజ్. మంచుకి శివద జేడ్. మొక్కలకి నాగదస్ ఎమరాల్డ్. మెరుపుకి వజ్రం ఎందుకని బయటి దేశం ప్లేయర్ వికీలో వెతుక్కోవాలి. ఇంద్రుడి చేతిలో ఏముంటుందో మనకి చిన్నప్పటి చందమామ కథలే చెప్పేశాయి.

2022 ఆగస్టులో సుమేరు అనే దేశం వచ్చింది. పేరులోనే మేరు పర్వతం ఉంది. సగం దట్టమైన అడవి, సగం ఎడారి. భారతదేశం, పర్షియా, ఈజిప్టు అన్నీ కలిపి వండిన దేశం. దాని దేవత చదువుకి, జ్ఞానానికి అధిదేవత. ఆ అడవిలో ఒక పెద్ద కథ ఉంది, పేరు 'అరణ్యక'. వేద సాహిత్యంలో ఆరణ్యకాలని ఒక భాగం ఉందని ఇంటర్ తెలుగులోనో సంస్కృతంలోనో విన్నాం కదా, పేరు అక్కడిదే.

ఆ అడవిలో అరనారలు అనే బుల్లి జీవులుంటాయి, తల మీద ఆకులతో ముల్లంగి దుంపల్లా. చిన్నపిల్లలకి కనిపిస్తాయి, పెద్దయ్యాక వాళ్ళు వాటిని మర్చిపోతారు. అవి మనుషుల్ని 'నర' అని పిలుస్తాయి. అడవిని తినేస్తున్న తెగులుని 'మరణ' అంటాయి. జబ్బుపడ్డ ఒక అమ్మాయిని బతికించడానికి కావాల్సింది 'బీజ'. నేను ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చదువుతున్నాను. మధ్యలో ఆ బుల్లి జీవి "మరణ" అనగానే ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. లక్షలమందికి అది ఊహాలోకపు వింత శబ్దం. నాకు మాత్రం ఇంట్లో మాట. పక్కనున్న రూమ్మేట్‌కి చూపిస్తే, "ఒరేయ్, మన మాటలు వీళ్ళు ఎత్తుకుపోయారు కదరా" అన్నాడు. ఎత్తుకుపోలేదు, మనం వాడకుండా వదిలేస్తే తెచ్చి వాడుకున్నారు అన్నాను.

ఇంకో విషయం. 2022 జనవరిలో ఈ గేమ్‌లో యున్ జిన్ అనే నాటక కళాకారిణి వచ్చింది. కథలో ఆమె స్టేజి మీద ఒక పాట పాడుతుంది. అది చైనా సంప్రదాయ నాటకం పెకింగ్ ఒపెరా పద్ధతిలో, ఆ రంగంలోని కళాకారిణి చేతే పాడించారు. మీరు గేమ్ ఇంగ్లీష్‌లో పెట్టుకున్నా ఆ పాట చైనీస్‌లోనే వస్తుంది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పాట దగ్గర ఆగి విన్నారు. మన తోలుబొమ్మలాటని, బుర్రకథని, ఒగ్గు కథని ఒక గేమ్‌లో ఇంత ధీమాగా పెట్టే రోజు ఎప్పుడొస్తుందో! కోడింగ్ వచ్చినవాళ్ళు మన దగ్గర ఏమన్నా తక్కువున్నారా?

కాబట్టి చూడ్డానికి, వినడానికి, చదవడానికి ఈ గేమ్ బాగుంటుంది. ఇందులో నాకు డౌట్ లేదు. మరి నోటికి "వద్దు" అని ఎందుకొచ్చింది?

ఫ్రీ గేమ్‌కి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

కొత్త కేరక్టర్లు కావాలంటే 'విష్' చెయ్యాలి. అంటే లక్కీ డ్రా. దీన్నే గాచా అంటారు. జపాన్‌లో నాణెం వేసి తిప్పితే ఏదో ఒక బొమ్మ బయటపడే మెషీన్ పేరునుంచి వచ్చిన మాట.

ఒక విష్‌కి 160 ప్రైమోజెమ్స్ కావాలి. ఫైవ్ స్టార్ కేరక్టర్ వచ్చే అవకాశం ఒక్కో విష్‌కి 0.6 శాతం. ఇదొక్కటే రూల్ అయితే సగటున 167 విష్‌లకి ఒకటి రావాలి. కానీ గ్యారంటీ కూడా కలిపి చూస్తే 1.6 శాతం అని గేమ్‌లోనే రాసి ఉంటుంది. అంటే సగటున 62 లేదా 63 విష్‌లకి ఒకటి. ఈ తేడా ఎక్కడిది? 'పిటీ' అనే రూల్‌ది. 89 సార్లు రాకపోతే 90వ సారి తప్పకుండా ఇస్తారు. ఆ 90 కన్నా ముందే, సుమారు 74 నుంచి అవకాశం గబగబా పెరుగుతుందని ప్లేయర్లు తమ లెక్కలు కలుపుకుని తేల్చారు.

అయితే వచ్చే ఫైవ్ స్టార్ మనం కోరుకున్నదే కావాలని లేదు. సగం సగం ఛాన్స్. ఓడిపోతే పాత లిస్టులోంచి ఎవరో ఒకరు వస్తారు, తర్వాతిసారి మాత్రం మనకి కావాల్సినది గ్యారంటీ. (2024 ఆగస్టులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఓడిపోయే ఛాన్స్ కాస్త తగ్గించారు.)

ఇప్పుడు కాలిక్యులేటర్ తియ్యండి. పాత సగం సగం రూల్‌తో, కోరుకున్న కేరక్టర్‌కి సగటున 62.5 ఇంటూ 1.5, అంటే దాదాపు 94 విష్‌లు. ప్రైమోజెమ్స్‌లో 15,000. అదృష్టం అస్సలు లేకపోతే 180 విష్‌లు, 28,800. రోజువారీ పనులు నాలుగూ చేస్తే గేమ్ మనకిచ్చే కూలి 60. ఆ కూలి మీదే బతికితే సగటు కేరక్టర్‌కి 250 రోజులు, దురదృష్టవంతుడికి 480 రోజులు. ఈవెంట్లు, కొత్త ప్రాంతాలు తిరగడం, పెట్టెలు తెరవడం వల్ల ఇంకా వస్తాయి కాబట్టి నిజంగా అన్ని రోజులు పట్టదు. కానీ ఒక కేరక్టర్ బ్యానర్ ఉండేది మూడు వారాలే. 21 రోజుల్లో రోజువారీ కూలి 1,260. ఎనిమిది విష్‌లు కూడా రావు. ఆ ఖాళీ దగ్గరే మన పర్సు తెరుచుకుంటుంది.

ఇందులో కిటుకేంటంటే, మామూలు లాటరీలో పాత టికెట్‌కి కొత్త టికెట్‌కి సంబంధం ఉండదు. పదిసార్లు ఓడినా పదకొండోసారి ఛాన్స్ అంతే. ప్రాబబిలిటీ క్లాసులో సార్ మొత్తుకునేది ఇదే. కానీ ఇక్కడ నిజంగానే ఓడిన ప్రతి విష్ లెక్కలో పడుతుంది. "ఇంకో పది కొడితే వచ్చేస్తుంది" అన్న మాట ఇక్కడ అబద్ధం కాదు. నిజం కాబట్టే ఆగడం కష్టం.

పైగా రూపాయలు నేరుగా విష్‌లు కావు. రూపాయలతో జెనెసిస్ క్రిస్టల్స్ కొనాలి, వాటిని ప్రైమోజెమ్స్‌గా, వాటిని ఫేట్స్‌గా మార్చాలి. మూడు చేతులు మారేసరికి ఒక్క విష్ ఎంత పడిందో మనకే గుర్తుండదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ తికమకనీ, పిల్లల చేత ఖర్చు పెట్టించడాన్నీ తప్పుపడుతూ కేసు వేసింది. 2025 జనవరిలో కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, అక్కడ 16 ఏళ్ళలోపు వాళ్ళకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇలాంటి లక్కీ డ్రాలు అమ్మకుండా ఉండడానికీ ఒప్పుకుంది.

నా కథ

నాకప్పుడు పదహారు కాదు, పంతొమ్మిది. నన్ను ఎవరూ మోసం చెయ్యలేదు. రూల్స్ అన్నీ చదివాను, పైన రాసిన లెక్కలన్నీ అప్పటికే నాకు వచ్చు.

థర్డ్ సెమ్‌లో రైడెన్ షోగన్ అనే మెరుపు దేవత కోసం దాచుకున్నవన్నీ కొట్టేశాను. 60 దాటింది, రాలేదు. పిటీ దగ్గరికొచ్చేశాం కదా అని కొంచెం డబ్బు పెట్టాను. 77వ విష్‌కి బంగారు రంగు వెలుగు. రూమంతా లేచి నిలబడింది. వచ్చింది ఎవరు? పాత లిస్టులోంచి ఒక చిన్నపిల్ల. పేరు చీచీ. నిజంగా ఆ పిల్ల పేరు అదే. నా రూమ్మేట్ స్క్రీన్ చూసి "ఛీ ఛీ" అన్నాడు, పేరు చదివాడో నన్ను తిట్టాడో ఇప్పటికీ తెలీదు.

తర్వాతిది గ్యారంటీ కదా! బ్యానర్ ఇంకో నాలుగు రోజుల్లో పోతుంది. అప్పుడే నాన్న ఎగ్జామ్ ఫీజుకని డబ్బు వేశారు. మూడు విడతల్లో మొత్తం రూ. 4,200 పెట్టాను. బ్యానర్ పోయింది, రైడెన్ రాలేదు. ఫీజు గడువు దాటిపోయింది. రూమ్మేట్ దగ్గర అప్పు చేసి లేట్ ఫీజుతో కట్టాను. ఇంట్లో "ల్యాబ్ రికార్డులు, ప్రింటౌట్లు నాన్నా" అని చెప్పాను.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆగలేక చెప్పేశాను. తిడతారనుకున్నా. ఆయన నెలనెలా చీటీ కట్టే మనిషి. మొత్తం విని, "అయితే చివరికి గ్యారంటీగా వస్తుందంటావు, చీటీ లాగా" అన్నారు. ఔనన్నాను. "చీటీ ఎత్తితే డబ్బు చేతికొస్తుంది. ఇది వస్తే నీ చేతికేం వస్తుందిరా?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. ఆ కేరక్టర్ని అమ్ముకోలేం, ఇంకొకడికి ఇవ్వలేం, సర్వర్ మూసేస్తే అదీ ఉండదు. ఆయన ఇంకేం అనలేదు. మరుసటి నెల నుంచి ఫీజు డబ్బు నాకు పంపకుండా ఆయనే ఆన్‌లైన్లో కట్టడం మొదలుపెట్టారు. ఆ రూ. 4,200 కన్నా అది ఎక్కువ బాధపెట్టింది.

డబ్బు కన్నా ఖరీదైనది

ఒక్క రూపాయి పెట్టకుండా ఆడేవాళ్ళు మన హాస్టల్లోనే బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు కట్టేది ఇంకో రకం ఫీజు.

గేమ్‌లో 'రెజిన్' అని ఒకటుంది. బాస్‌ని కొట్టి బహుమతి తీసుకోవాలంటే అది ఖర్చవుతుంది. 8 నిమిషాలకి ఒకటి చొప్పున తనంతట తనే నిండుతుంది, 200 దగ్గర ఆగిపోతుంది. అంటే రోజుకి 180 వస్తాయి. సున్నా నుంచి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు. ఆలోపు ఖర్చు పెట్టకపోతే ఆ పైన వచ్చేది వృథా. ఇది రెండంచుల కత్తి. రెజిన్ అయిపోతే ఇంక పెద్దగా చేసేదేం ఉండదు కాబట్టి రోజుకి ఇరవై నిమిషాలతో ఆపేయొచ్చు. కానీ అది నిండుతోందన్న ఆలోచన క్లాసులో కూడా వదలదు. గిన్నె పొంగిపోతుందేమోనని స్టవ్ వైపే చూస్తున్నట్టుంటుంది.

ఇంకోటి మనవాళ్ళకి ప్రత్యేకం. మనం ఎక్కువగా ఆడేది ఏషియా సర్వర్‌లో. అక్కడ రోజు మారేది వాళ్ళ టైం ప్రకారం తెల్లవారుజామున 4 గంటలకి. మన గడియారంలో అది అర్ధరాత్రి 1:30. పగలంతా రికార్డులు రాసి, డైలీ పనులు మర్చిపోయి, 1:10కి గుర్తొచ్చి లేచి కూర్చుంటాం. అవి అయ్యేసరికి 1:30. అప్పుడే కొత్త రోజు మొదలవుతుంది కదా, కొత్తవి కూడా చేసేద్దాం అనిపిస్తుంది. రెండున్నర. ఎనిమిదిన్నరకి ఫస్ట్ అవర్. ఆ సెమ్‌లో నాకు అటెండెన్స్ కండోనేషన్ ఎందుకొచ్చిందో అమ్మకి జ్వరమని చెప్పాను. జ్వరం కాదు, 1:30.

మరి ఆడొచ్చా?

ఆడొచ్చు. ఇప్పుడు నా జవాబు ఇదే, కాకపోతే ఏం ఆడుతున్నామో తెలుసుకుని ఆడాలి. ఇక్కడ నిజానికి రెండు ఆటలున్నాయి. ఒకటి కొండలెక్కడం, కథలు వినడం, శక్తుల వరస కనిపెట్టడం. ఇది పూర్తిగా ఫ్రీ, ఎక్కడికీ పోదు. మూడేళ్ళ తర్వాత ఆడినా అరనారలు అక్కడే ఉంటాయి. రెండోది బ్యానర్, రెజిన్, 1:30 అంటూ తరిమే ఆట. మొదటిదాని కోసం వెళ్ళి మనం రెండోదాంట్లో పడతాం. నేను పడ్డాను.

ఫైవ్ స్టార్ లేకపోతే గెలవలేమన్నది కూడా అపోహే. షియాంగ్లింగ్ అనే వంటమ్మాయి ఫోర్ స్టార్, అబిస్ మూడో అంతస్తు దాటితే ఊరికే ఇస్తారు. ఆమెతో కట్టిన టీములు ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద ఫైవ్ స్టార్ల పక్కన నిలబడ్డాయి.

నేనిప్పుడు పాటించేవి చెబుతాను, నచ్చితే తీసుకోండి. గేమ్ అకౌంట్‌కి యూపీఐ, కార్డు ఏదీ కలపలేదు. డైలీలు రాత్రి భోజనం తర్వాత ఇరవై నిమిషాలు, కుదరకపోతే ఆ 60 పోయినట్టే. రెజిన్ పొంగితే పొంగనిస్తాను. మిడ్స్, సెమ్ ఎగ్జామ్స్ ముందు అన్‌ఇన్‌స్టాల్ చేస్తాను. పదుల జీబీల గేమ్ కాబట్టి హాస్టల్ వైఫైలో మళ్ళీ దించుకోవడమే పెద్ద శిక్ష, ఆ భయంతోనే మధ్యలో ముట్టను. అకౌంట్ మాత్రం ఎక్కడికీ పోదు. ఒక్కటి గమనించుకోండి: గేమ్ తెరిచినప్పుడు "ఈరోజు ఏం చూద్దాం" అనిపిస్తే ఆడండి. "అమ్మో, అవి మిగిలిపోయాయి" అనిపిస్తే ఓ వారం మూసెయ్యండి.

ఇప్పటికే బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్ళు, లక్కీ డ్రా చూస్తే చెయ్యి ఆగనివాళ్ళు మాత్రం మొదలెట్టొద్దు. ఇది నీతి కాదు, అనుభవం.

తమ్ముడూ, ఇది చదివాక కూడా ఇన్‌స్టాల్ చేస్తానంటే నా రూముకి రా, యూఐడీ ఇస్తాను. నీకు ర్యాంక్ 16 రాగానే నీ లోకంలోకి వచ్చి ఆ మొదటి పెద్ద బాస్‌ని ఇద్దరం కలిసి కొడదాం. టైం మాత్రం రాత్రి పదకొండు లోపే.